అష్టపాది బొమ్మ అల్లిక

కొక్కెపు సూదియు దారమును చేతనున్నచో లేసు అంచులనే గాక, లోపల మెత్తని పదార్థము కూరిన బొమ్మలను గూడ అల్లవచ్చును. ఇట్టి బొమ్మలను జపానువారు అమిగురుమి యందురు. 19వ శతాబ్దమున మిషనరీ స్త్రీలు గోదావరి డెల్టాలో నేర్పిన లేసు పని నరసాపురము ప్రాంతమున నేటికిని సాగుచున్నది. కాన ఈ సూది తెలుగు బాలికలకు క్రొత్తది కాదు. ఆ సూదితోనే ఒక చిన్న సముద్రజీవిని, అనగా అష్టపాదిని, చేయు విధమును ఇచట వివరింతుము.

అష్టపాదికి ఎముకలు లేవు. ఎనిమిది బాహువులును, మూడు హృదయములును కలవు. దాని రక్తము నీలవర్ణము. సంచివంటి శరీరమును, మెలికలు తిరుగు బాహువులును గల ఈ జీవి అల్లికకు మిక్కిలి అనువైనది. 2013వ సంవత్సరమున డెన్మార్కు దేశములో కొందఱు స్వచ్ఛందముగా ఇట్టి బొమ్మలనల్లి, నెలలు నిండక పుట్టిన శిశువులకై ఆసుపత్రులకు ఇయ్యసాగిరి. బిడ్డలు ఊపిరిగొట్టములను, పాలగొట్టములను లాగుటకు మాఱుగా మెత్తని బాహువులను పట్టుకొందురని వారి తలంపు. దీనికి దృఢమైన శాస్త్రీయ నిరూపణము లేకున్నను, ఆ పని అనేక దేశములకు వ్యాపించినది.

ఈ అల్లికకు మూలము లెక్క. సూదిని వెనుకటి కుట్టులోనికి దూర్చి దారమును లాగి, మరల దారమును చుట్టి, సూదిమీదనున్న రెండు ఉచ్చులలోనుండి ఒక్కసారిగా లాగినచో ఒక పొట్టి కుట్టు అగును. దాని యెత్తును వెడల్పును ఇంచుమించు సమానము. వృత్తపరిధి వ్యాసార్ధమునకు రెండు మార్లు 22/7 వంతులని విద్యార్థులెఱుగుదురు. కాన ఒక వరుస పెరిగినపుడెల్ల పరిధి సుమారు 6 కుట్లు పెరుగవలెను. వరుసకు 6 చొప్పున పెంచిన అల్లిక బిళ్లవలె చదునుగా నుండును. అంతకు తక్కువైనచో గిన్నెవలె వంగును. ఎక్కువైనచో అంచు అలలుదేరును. ఈ అలల అల్లికతోనే 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయమునందు డైనా తైమిన్యా అను గణితశాస్త్రజ్ఞురాలు యూక్లిడేతర జ్యామితిని విద్యార్థులకు చేతికందునట్లు చూపిరి.

ఇక పని. కల్తీలేని నూలు దారమును, 2.5 మిల్లీమీటర్ల సూదిని తీసికొనవలెను. దారమును వలయముగా చుట్టి అందు 6 పొట్టి కుట్లు వేసి బిగింపవలెను. తరువాతి వరుసలు క్రమముగా 12, 18, 24, 30 కుట్లు. పిమ్మట ఆరు వరుసలు 30 కుట్ల చొప్పుననే అల్లినచో తల సంచివలె దిగును. ఆ మీదట మూడు కుట్లు వేసి రెంటిని ఒకటిగా కలుపుచు పోయినచో 24 అగును. రెండు వేసి రెంటిని కలిపినచో 18. ఏడు వేసి రెంటిని కలిపినచో 16. ప్రతి వరుస మొదటి కుట్టునకు వేఱొక రంగు దారమును గుర్తుగా నుంచినచో లెక్క తప్పదు.

మిగిలిన 16 కుట్లలో రెండింటికొక బాహువు చొప్పున ఎనిమిది వచ్చును. ఒక్కొక్క బాహువునకు 40 గొలుసు కుట్లు వేసి, వెనుకకు మరలి, ప్రతి గొలుసునందును రెండేసి పొట్టి కుట్లు వేయవలెను. ఒక అంచున నలుబదియు, రెండవ అంచున దానికి ఇంచుమించు రెట్టింపును ఉండుటచే, పొడవైన అంచునకు చోటు చాలక బాహువు దానంతట అదియే మెలికలు తిరుగును. తలలో పాలియెస్టర్ పీచును కూరవలెను. దూది తడిసిన గడ్డకట్టును, త్వరగా ఆఱదు. 6, 12, 16 కుట్ల చిన్న బిళ్లను వేఱుగా అల్లి, అడుగున కుట్టి మూయవలెను.

బొమ్మ పసిబిడ్డకైనచో అందముకంటె భద్రత ముఖ్యము. బిడ్డ చేతికందినది నోటికి పోవును. కాన పూసలు, గుండీలు కన్నులుగా పెట్టరాదు; నల్లదారముతో కుట్టవలెను. సందులలోనుండి పీచు వెలికి రాకుండ కుట్లు బిగువుగా నుండవలెను. బాహువును సాగదీసి కొలిచినను 22 సెంటీమీటర్లకు మించరాదు. మించినచో బిడ్డ మెడకు చుట్టుకొను భయము కలదు. ఇచ్చుటకు ముందు 60 డిగ్రీల వేడినీట ఉతికి, లోపలివఱకు ఆఱబెట్టవలెను. ఆసుపత్రిలో నర్సు అనుమతిలేనిదే ఇయ్యరాదు. ఇంట ఏడాది నిండని బిడ్డ నిద్రించునపుడు ఏ మెత్తని బొమ్మను గాని ప్రక్కలో నుంచరాదు.

చివరి దారపుకొనను గట్టిగా ముడివేసి, సూదితో నాలుగైదు కుట్ల లోపలికి దూర్చి దాచవలెను. పిమ్మట ఎనిమిది బాహువులను ఒక్కొక్కటిగా బలముగా లాగి చూడుడు. ఒక్కటి వదులైనను విప్పి మరల అల్లుడు. చూచువారికి ఆ ముడి కానరాదు. బిడ్డకు కలుగు రక్షణ ఆ ముడిలోనే యున్నది.