మెడికల్ అసిస్టింగ్ అసోసియేట్ డిగ్రీ

మెడికల్ అసిస్టింగ్ అసోసియేట్ డిగ్రీ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వైద్యుల కార్యాలయాలలోను, క్లినిక్‌లలోను సహాయకులుగా పనిచేయదలచినవారి కొరకు ఉద్దేశించిన రెండేళ్ళ కళాశాల చదువు. హైస్కూలు పూర్తిచేసినవారు, లేదా దానికి సమానమైన పరీక్షలో ఉత్తీర్ణులైనవారు దీనిలో చేరవచ్చు. కమ్యూనిటీ కళాశాలలు, సాంకేతిక కళాశాలలు, కొన్ని ప్రైవేటు వృత్తివిద్యా సంస్థలు ఈ కోర్సును నిర్వహిస్తాయి. ఇదే వృత్తికి సుమారు ఏడాదిలో ముగిసే సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు కూడా ఉన్నాయి.

వృత్తి స్వభావం

మెడికల్ అసిస్టెంట్ చేసే పనులు రెండు విధాలు. మొదటిది రోగికి సంబంధించిన పని. ఎత్తు, బరువు, రక్తపోటు, నాడి, ఉష్ణోగ్రత నమోదు చేయడం, పూర్వ వ్యాధుల వివరాలు అడిగి వ్రాయడం, ఇ.సి.జి. తీయడం, పరీక్షలకు రక్తం సేకరించడం, రాష్ట్ర చట్టం అనుమతించిన మేరకు ఇంజెక్షన్లు ఇవ్వడం దీనిలోకి వస్తాయి. రెండవది కార్యాలయపు పని. అపాయింట్‌మెంట్లు ఇవ్వడం, రికార్డులు నిర్వహించడం, బీమా సంస్థలకు బిల్లులు పంపడం వంటివి దీనిలో భాగం. తెలుగునాట ఆసుపత్రులలో నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, రిసెప్షనిస్టు వేర్వేరుగా చేసే పనులలో కొన్నింటిని అక్కడ ఒక్కరే చేస్తారు.

రోగనిర్ధారణ చేయడానికి గాని, చికిత్సను నిర్ణయించడానికి గాని మెడికల్ అసిస్టెంటుకు అధికారం లేదు. పేర్లలోని పోలిక వలన ఈ వృత్తిని ఫిజీషియన్ అసిస్టెంట్ వృత్తిగా పొరబడడం కద్దు. ఫిజీషియన్ అసిస్టెంట్లు మాస్టర్స్ స్థాయి చదువు ముగించి, లైసెన్సు పొంది, రోగులను పరీక్షించి మందులు వ్రాస్తారు.

చరిత్ర

అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ మెడికల్ అసిస్టెంట్స్ 1956లో ఏర్పడింది. ఈ సంఘం 1963లో తొలిసారిగా ధ్రువీకరణ పరీక్ష నిర్వహించింది. అందులో ఉత్తీర్ణులైనవారిని సర్టిఫైడ్ మెడికల్ అసిస్టెంట్, అనగా సి.ఎం.ఎ. అంటారు.

పాఠ్యాంశాలు

డిగ్రీకి సాధారణంగా 60 లేదా అంతకు కొంచెం ఎక్కువ క్రెడిట్లు అవసరం. శరీర నిర్మాణ శాస్త్రం, శరీరధర్మ శాస్త్రం, ఔషధ శాస్త్ర పరిచయం, ప్రయోగశాల పద్ధతులు, వైద్య చట్టం, నీతి, బిల్లింగు ముఖ్యమైన పాఠ్యాంశాలు. వైద్య పరిభాషను ప్రత్యేకంగా నేర్పుతారు. గ్రీకు, లాటిన్ ధాతువుల అర్థం తెలిస్తే కొత్త పదాలను కూడా గుర్తించవచ్చు. ఉదాహరణకు 'హెపట్' అనగా కాలేయం, 'ఐటిస్' అనగా వాపు; కనుక హెపటైటిస్ అంటే కాలేయపు వాపు. వీటికి తోడు ఆంగ్ల రచన, గణితం, మనస్తత్వ శాస్త్రం వంటి సాధారణ విద్యాంశాలు డిగ్రీలో ఉంటాయి. సర్టిఫికెట్ కోర్సుకు, డిగ్రీకి ఉన్న ప్రధానమైన తేడా ఈ సాధారణ విద్యాంశాలే.

చివరి దశలో విద్యార్థి క్లినిక్‌లో పర్యవేక్షణలో శిక్షణ పొందాలి. గుర్తింపు పొందిన కోర్సులలో ఇది కనీసం 160 గంటలు.

గుర్తింపు, ధ్రువీకరణ

మెడికల్ అసిస్టింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థలు రెండు ఉన్నాయి. వాటిని కాహెప్, అభెస్ అనే సంక్షిప్త నామాలతో పిలుస్తారు. ఈ రెండింటిలో ఒకదాని గుర్తింపు ఉన్న కోర్సు పూర్తిచేయడం సి.ఎం.ఎ. పరీక్షకు ప్రధాన మార్గం. కళాశాలకు గుర్తింపు ఉన్నంత మాత్రాన అందులోని ఈ కోర్సుకు కూడా గుర్తింపు ఉన్నట్లు కాదు; రెండింటినీ విడివిడిగా చూడాలి. సర్టిఫికెట్ కోర్సుకు ఈ గుర్తింపు ఉంటే, అది చదివినవారు కూడా డిగ్రీ చదివినవారు వ్రాసే పరీక్షనే వ్రాయవచ్చు. ధ్రువీకరణ ఐదేళ్ళ పాటు చెల్లుతుంది. అమెరికన్ మెడికల్ టెక్నాలజిస్ట్స్ అనే సంస్థ ఇచ్చే ఆర్.ఎం.ఎ. వంటి ఇతర ధ్రువీకరణలు కూడా ఉన్నాయి.

చాలా రాష్ట్రాలలో ఈ వృత్తికి లైసెన్సు అవసరం లేదు. అయినను అనేక యాజమాన్యాలు ధ్రువీకరణ ఉన్నవారినే కోరుకుంటాయి. వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రాలు మెడికల్ అసిస్టెంట్లకు ప్రభుత్వ అనుమతిపత్రాన్ని తప్పనిసరి చేశాయి.

డిగ్రీ ప్రయోజనం, పరిమితులు

అమెరికా కార్మిక గణాంక సంస్థ ఈ వృత్తిలో ప్రవేశానికి సాధారణ అర్హతగా డిగ్రీని కాక, హైస్కూలు తరువాతి సర్టిఫికెట్ స్థాయి చదువును పేర్కొంటుంది. 2023 మే నెల లెక్కల ప్రకారం మెడికల్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక వేతనం 42,000 డాలర్లు. కనుక ఉద్యోగంలో చేరడమే లక్ష్యమైతే, రెండవ ఏడాదికి అయ్యే రుసుమును, ఆ కాలంలో కోల్పోయే వేతనాన్ని కూడా లెక్కించుకోవాలి.

పై చదువులకు వెళ్ళదలచినవారికి డిగ్రీ ఉపయోగపడవచ్చు. అయితే సాధారణ విద్యాంశాల క్రెడిట్లు బదిలీ అయినంత సులభంగా మెడికల్ అసిస్టింగ్ క్రెడిట్లు బదిలీ కావు. ఈ డిగ్రీతో నర్సింగ్ లైసెన్సు పరీక్ష వ్రాయడానికి అర్హత రాదు; నర్సింగ్ కోర్సును విడిగా చదవాలి. విదేశీ విద్యార్థులు మరొక విషయం గమనించాలి. హెచ్-1బి వీసాకు కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ స్థాయి ఉద్యోగం కావాలి కనుక, ఈ వృత్తి సాధారణంగా ఆ వీసాకు సరిపోదు.

సంస్థ ఎంపికలో జాగ్రత్త ఎంత అవసరమో కొరింథియన్ కాలేజెస్ ఉదంతం తెలుపుతుంది. ఎవరెస్ట్ పేరుతో మెడికల్ అసిస్టింగ్‌తో సహా పలు వృత్తి కోర్సులు నడిపిన ఈ వ్యాపార సంస్థ, ఉద్యోగాలు పొందిన విద్యార్థుల శాతాన్ని తప్పుగా చూపిందన్న అభియోగాల నడుమ 2015 ఏప్రిల్‌లో మూతపడింది. దాని పూర్వ విద్యార్థులు సుమారు 5,60,000 మందికి చెందిన 580 కోట్ల డాలర్ల ఫెడరల్ రుణాలను రద్దు చేస్తున్నట్లు అమెరికా విద్యాశాఖ 2022 జూన్‌లో ప్రకటించింది. కాబట్టి చేరడానికి ముందే కోర్సు గుర్తింపు, పరీక్షలో ఉత్తీర్ణతా శాతం, మొత్తం ఖర్చు, క్రెడిట్ల బదిలీ ఒప్పందాలు అనే నాలుగు వివరాలను వ్రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.