హార్వర్డ్ మాస్టారి కాకినాడ శిష్యులు

వ్యాపారం చెయ్యాలంటే అది రక్తంలో ఉండాలంటారు. తాతో తండ్రో కొట్టు పెట్టి ఉండాలి, చేతిలో నాలుగు డబ్బులుండాలి, అదృష్టం కలిసిరావాలి... ఇలా చాలా చెబుతారు. నేర్పిస్తే వస్తుందని మాత్రం ఎవరూ అనరు. ఆ మాట అన్నది ఓ అమెరికా ప్రొఫెసరు. అది నిజమో కాదో తేల్చుకోవడానికి ఆయన ఎంచుకున్న ఊళ్లలో ఒకటి మన కాకినాడ!

ఆయన పేరు డేవిడ్ మెక్‌క్లెలాండ్. 1917లో పుట్టారు. 1956 నుంచీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. నిజానికి ఆయన సబ్జెక్టు వాణిజ్యం కాదు, మనస్తత్వశాస్త్రం. కొందరు చిన్న దుకాణంతో మొదలుపెట్టి ఫ్యాక్టరీ దాకా వెళ్తారు, మరికొందరు ఉన్నచోటే ఉండిపోతారు. ఎందుకలా? సాధించాలన్న తపనలో ఉన్న తేడాయే కారణమన్నది ఆయన సమాధానం. ఆ తపనను కొలవడానికి ఓ చిత్రమైన పద్ధతి వాడేవారు. ఓ బొమ్మ చూపించి కథ రాయమనేవారు. బల్ల ముందు కూర్చున్న మనిషి బొమ్మ చూసి ఒకరు 'ఇంటి గురించి బెంగపడుతున్నాడు' అని రాస్తే, మరొకరు 'కొత్త యంత్రం ఎలా తయారు చెయ్యాలా అని ఆలోచిస్తున్నాడు' అని రాస్తారు. రెండో కథ రాసినవారికి మార్కులు ఎక్కువన్నమాట.

రింగుల ఆట ఇంకా సరదాగా ఉంటుంది. ఎంత దూరంలో నిలబడి విసరాలన్నది ఆడేవారి ఇష్టం. కొందరు గుంజ పక్కనే నిలబడి వేసేస్తారు. కొందరు మరీ దూరం వెళ్లి అదృష్టాన్ని నమ్ముకుంటారు. తపన ఉన్నవారు మాత్రం కాస్త కష్టపడితే పడుతుందనిపించే చోట నిలబడతారు. వ్యాపారి లక్షణం అదేనంటారు మెక్‌క్లెలాండ్. వ్యాపారమంటే జూదమని భయపడే మన ఇళ్లలో పెద్దలకు ఈ ఆట ఒకసారి చూపించాల్సిందే!

హైదరాబాద్‌లో క్లాసులు
1964లో కాకినాడ నుంచి 52 మందిని ఎంపికచేశారు. విడతలవారీగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు తీసుకొచ్చారు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో జాతీయ ఎంఎస్ఎంఈ సంస్థగా ఉన్నది అదే. అక్కడ వారికి నేర్పింది పద్దులు రాయడం కాదు, బ్యాంకు రుణం తెచ్చుకోవడమూ కాదు. కథలు రాయించారు, ఆటలాడించారు. నీకేం కావాలి, దానికి అడ్డేమిటి, ముందుగా ఏం చేస్తావు అని అడిగారు. రాబోయే రోజులకు ఎవరి లక్ష్యం వాళ్లే కాగితంమీద పెట్టుకున్నారు. పోల్చి చూడటానికి రాజమండ్రిలాంటి ఊళ్లో శిక్షణ లేని వ్యాపారులనూ గమనించారు.

రెండేళ్ల తర్వాత లెక్క చూస్తే శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది ఏదో ఒక కొత్త అడుగు వేశారు. మిగతావారిలో అది పావువంతే. చిన్న రేడియో దుకాణం నడుపుకొనే ఒకాయన రంగులు, వార్నిష్‌ల తయారీలోకి దిగారు. ఆశ్చర్యమేమిటంటే కులం, పూజలు, కట్టూబొట్టూ ఈ ఫలితాన్ని మార్చలేదు. సంప్రదాయాలే భారతీయులను వెనక్కి లాగుతున్నాయని పెద్ద పెద్ద పండితులు రాస్తున్న రోజులవి మరి.

అయితే పాఠం అందరికీ ఒకేలా పనిచెయ్యలేదు. సొంత నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్నవారే ఎక్కువగా ముందుకెళ్లారు. గల్లాపెట్టె తాళం నాన్న దగ్గరో అన్నయ్య దగ్గరో ఉన్నవాడికి తపన ఎంత ఉంటే ఏం లాభం? ఇంత కొద్దిమందిని చూసి ఇంత మాట అనొచ్చా అని అడిగినవారూ లేకపోలేదు. సమాధానంగా ఆయన చేతిలో ఉన్నది ఆ లెక్కలే. సహ పరిశోధకుడు డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో వాటిని పుస్తకంగా అచ్చువేశారు.

మెక్‌క్లెలాండ్ 1998లో, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కొత్త వ్యాపారులకు శిక్షణ ఇచ్చే కోర్సులు ఆ ప్రయోగం తర్వాత మన దేశంలో చాలాచోట్ల వచ్చాయి. అహ్మదాబాద్‌లో అందుకోసమే 1983లో ఓ సంస్థ వెలిసింది. మన కామర్స్, ఎంబీఏ పుస్తకాల్లో ఆ పాఠం ఇప్పటికీ ఉంది... 'కాకినాడ ప్రయోగం' అనే పేరుతోనే.