మాల్డోవా సరుకు ఎటు పోవాలి?

రుమేనియాకూ ఉక్రెయిన్‌కూ మధ్య ఇరుక్కున్న చిన్న దేశం మాల్డోవా. జనాభా పాతిక లక్షలకు అటూ ఇటూ. చమురు లేదు, చెప్పుకోదగ్గ గనులు లేవు. నల్లటి సారవంతమైన నేల ఉంది. ఆ నేల మీద ద్రాక్ష, ఆపిల్, పొద్దుతిరుగుడు పండుతాయి. మిలెస్టి మిచి అనే ఊళ్ళో సున్నపురాయి తవ్వగా మిగిలిన సొరంగాలు దాదాపు 200 కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. వాటిలో లక్షల సీసాల వైన్ నిల్వ ఉంటుంది.

సోవియట్ రోజుల్లో ఈ సరుకు ఎటు పోవాలన్న ప్రశ్నే లేదు. 1991లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం ఎవరూ అడగలేదు. బయటికి వెళ్ళే వైన్‌లో ముప్పాతిక వంతుకు పైగా రష్యాయే కొనేది. 2006 మార్చిలో, పురుగుమందుల అవశేషాలున్నాయంటూ రష్యా మాల్డోవా, జార్జియా వైన్‌లను నిషేధించింది. రెండు దేశాలకూ అప్పటికి మాస్కోతో రాజకీయంగా పడటం లేదు. అవశేషాలు రెండుచోట్లా ఒకేసారి బయటపడ్డాయంటే నమ్మడం కష్టమే. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడితే ఏమవుతుందో, 2025లో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఆంధ్ర రొయ్యల రైతులకూ తెలిసివచ్చింది.

రష్యాకూ యూరప్‌కూ ఇద్దరికీ అమ్ముకుంటే పోలేదా అనిపిస్తుంది. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి.

వ్యాపార ఒప్పందాలు ఒకే రకానివి కావు. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో సభ్యదేశాలు తమలో తాము సుంకాలు తీసేసుకుంటాయి, బయటి దేశాల సరుకు మీద సుంకం మాత్రం ఎవరిది వారే నిర్ణయించుకుంటారు. అందుకే ఒకే దేశం ఇద్దరు ముగ్గురితో విడివిడిగా ఇలాంటి ఒప్పందాలు చేసుకోవచ్చు. సరుకు నిజంగా ఎక్కడ తయారైందో చెప్పే ధ్రువపత్రం ఉంటే సరిపోతుంది. సుంకాల కూటమి, అంటే కస్టమ్స్ యూనియన్, అలా కాదు. అందులో బయటి ప్రపంచం మీద అందరిదీ ఒకే సుంకం. రష్యా, బెలారస్, కజకిస్తాన్ 2010లో పెట్టుకున్న కూటమిలో మాల్డోవా చేరితే, జర్మనీ కారు మీద ఎంత సుంకం వేయాలో రాజధాని కిషినావ్‌లో ఒంటరిగా తేల్చే వీలుండదు. యూరప్‌తో విడిగా సున్నా సుంకం ఒప్పందమూ కుదరదు.

అంటే పాత సోవియట్ దేశాల స్వేచ్ఛా వాణిజ్యమూ, యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఒప్పందమూ పక్కపక్కన నడవగలవు. రష్యా కూటమీ, ఈయూ ఒప్పందమూ మాత్రం నడవలేవు. తూర్పా పడమరా అని వేదికల మీద గొంతు చించుకున్నవాళ్ళలో ఎందరు ఈ తేడా చెప్పారో అనుమానమే. ఈయూ సరుకు మాల్డోవా పేరుతో తమ దేశంలోకి జొరబడుతుందని రష్యా భయపడింది. అలాంటి మోసాలు జరగవని అనలేం. కానీ వాటిని పట్టుకోవాల్సింది సరిహద్దు తనిఖీల్లో.

రష్యా ఆ దారి పట్టలేదు. 2013 సెప్టెంబరులో వైన్‌ను మళ్ళీ ఆపింది. ఆ నెలలోనే కిషినావ్ వచ్చిన రష్యా ఉప ప్రధాని రొగోజిన్ చలికాలం, గ్యాస్ ప్రస్తావన తెచ్చి, మీరు గడ్డకట్టకుండా ఉంటే చాలన్నట్టు మాట్లాడారు. అయినా 2014 జూన్ 27న మాల్డోవా ఈయూతో ఒప్పందం మీద సంతకం చేసింది. జూలైలో ఆపిల్, ప్లమ్ వంటి పండ్లకూ రష్యా తలుపు మూసింది.

ఒకే దెబ్బ అందరికీ ఒకేలా తగలలేదు. 2006 దెబ్బ తిన్నాక వైన్ వాళ్ళు సీసా, లేబుల్, రుచి మార్చుకుని యూరప్ దుకాణాల్లోకి వెళ్ళడం నేర్చుకున్నారు. పైగా 2014 మొదట్లోనే ఈయూ మాల్డోవా వైన్ మీద కోటా తీసేసింది. ఆపిల్ రైతుకు ఆ వెసులుబాటు లేదు. అతని ఎగుమతి పంట దాదాపు అంతా రష్యాకే పోయేది. యూరప్ వైపు తిరుగుదామంటే అక్కడ పోలండ్ ఆపిళ్ళు గుట్టలుగా పడి ఉన్నాయి. ఉక్రెయిన్ గొడవలో రష్యా ఆ ఆగస్టులోనే ఈయూ పండ్లనూ నిషేధించడమే కారణం. ఇద్దరూ ఒకే కొనుగోలుదారును పోగొట్టుకుని ఒకే బజారులో ఎదురుపడ్డారు. కోడిమాంసం, పాల సరుకుల సంగతి వేరు. వాటికి సుంకం కన్నా ప్రయోగశాలలు, తనిఖీ వ్యవస్థలే పెద్ద అడ్డంకి. యూరప్ ఒప్పుకునే స్థాయికి అవి చేరేసరికి ఏళ్ళు గడిచాయి.

ఒప్పందం ఇల్లు కూడా శుభ్రం చేస్తుందనుకున్నవాళ్ళు ఉన్నారు. సంతకం చేసిన ఏడాదే మూడు బ్యాంకుల నుంచి దాదాపు వంద కోట్ల డాలర్లు మాయమయ్యాయి. అది ఆ పేద దేశం ఏడాది సంపదలో ఎనిమిదో వంతు. అప్పుడు గద్దె మీద ఉన్నది యూరప్ అనుకూలులమని చెప్పుకున్నవాళ్ళే. 2016లో రష్యా వైపు మొగ్గిన డొడోన్ అధ్యక్షుడిగా గెలిచాడంటే ఆశ్చర్యమేముంది?

2020లో యూరప్ వైపు మొగ్గిన మాయా సాండు ఎన్నికల్లో డొడోన్‌ను ఓడించారు. 2022లో మాల్డోవాకు ఈయూ అభ్యర్థి హోదా వచ్చింది. ఇప్పుడు ఎగుమతుల్లో మూడింట రెండు వంతులు ఈయూకే. ఇదీ ఆధారపడటమేగా అంటే, అవును. కాకపోతే అక్కడ కొనేది 27 దేశాల వ్యాపారులు. ఒక రాజధాని అలిగితే రాత్రికి రాత్రి అన్ని గుమ్మాలూ మూతపడవు. 2024 అక్టోబరు ప్రజాభిప్రాయ సేకరణలో మాత్రం ఈయూ వైపు పడినవి 50.35 శాతం ఓట్లే. దేశంలో ఉన్నవాళ్ళలో వ్యతిరేకులే ఎక్కువ. విదేశాల్లో పని చేసుకుంటున్నవాళ్ళ ఓట్లు ఫలితాన్ని మార్చాయి. దక్షిణాన ద్రాక్షతోటల ప్రాంతం గగౌజియా దాదాపు ఒక్కమాట మీద వద్దంది.

ఇక తూర్పున, నీస్టర్ నది ఆవల, ట్రాన్స్‌నీస్ట్రియా ఉంది. 1990ల తొలినాళ్ళ నుంచీ విడిగా నడుస్తూ, రష్యా సైనికుల నీడలో, జెండా మీద సుత్తీ కొడవలీ నిలుపుకున్న ప్రాంతం. మాల్డోవా కుదుర్చుకున్న ఈయూ ఒప్పందం 2016 నుంచి అక్కడి ఫ్యాక్టరీలకూ వర్తిస్తోంది. అవి కిషినావ్‌లో నమోదు చేసుకుని, మాల్డోవా పత్రాలతోనే సరుకు పంపుతాయి. ఆ ఎగుమతుల్లోనూ సగానికి మించి పోయేది యూరప్‌కే.