లిథియం బ్యాటరీల భద్రత - తయారీదారుల బాధ్యత: హెచ్చరిక భాషపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సెల్‌ఫోను, పవర్ బ్యాంకు, ల్యాప్‌టాప్ వంటి పరికరాలు నేడు ఎక్కువగా లిథియం అయాన్ బ్యాటరీలతో పనిచేస్తున్నాయి. ఇవి పేలినప్పుడు బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సమాధానం ఇచ్చింది. ఆ చట్టం కోరిన ‘తగిన హెచ్చరిక’ వినియోగదారుని భాషలో లేకపోతే తగినదవుతుందా అన్న అంశాన్ని కోదాడ వంటి పట్టణంలోని వినియోగదారుని దృష్టితో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లిథియం బ్యాటరీ, ఉత్పత్తి బాధ్యత, హెచ్చరిక, వినియోగదారుడు, కోదాడ.

1. ఉపోద్ఘాతం:
బ్యాటరీ పాడైనప్పుడు తెలుగువారు వాడే మాట ‘ఉబ్బింది’. లోపల వాయువులు చేరడం వల్ల కలిగే మార్పు అది. ఈ మాట లక్షణాన్ని చెబుతుందే తప్ప ప్రమాదాన్ని సూచించదు. అందుకే ఉబ్బిన బ్యాటరీని నొక్కి, మూత బిగించి మళ్ళీ వాడుకోవడం కనిపిస్తుంది. ప్రమాదం మాత్రం దూరాన ఉన్నది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ విద్యుత్ స్కూటర్ల నుంచి తీసి ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి, ఒక్కొక్క చోట ఒకరు మరణించారు. హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్న కోదాడలోనూ చేతిలోని ఫోను మొదలుకొని ఇంటి ముందరి స్కూటరు దాకా ఇదే రకం బ్యాటరీ చేరింది.

2. ప్రమాదానికి కారణం:
బ్యాటరీలో ధన, ఋణ ధ్రువాల మధ్య వెంట్రుక కంటే పలుచనైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని చుట్టూ త్వరగా మండే స్వభావం గల సేంద్రియ ద్రావణం ఉంటుంది. తయారీ లోపం, దెబ్బ, అతిచార్జింగ్ వంటి కారణాలతో ఆ పొర తెగితే ధ్రువాలు తాకి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ వేడికి రసాయన చర్యలు పెరుగుతాయి, ఆ చర్యలు మరింత వేడిని పుట్టిస్తాయి. దీనినే ‘థర్మల్ రన్‌అవే’ అంటారు. ఇది మొదలైన తరువాత చార్జర్ తీసివేసినా ఆగకపోవచ్చు.

3. లోపం ఎక్కడ?
చార్జింగ్ పెట్టినవారి అజాగ్రత్తే కారణమన్న భావన లోకంలో ఉంది. చరిత్ర వేరే సంగతి చెబుతుంది. 2007 ఆగస్టులో నోకియా సంస్థ, మత్సుషిత తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీలు చార్జింగ్ సమయంలో వేడెక్కవచ్చని ప్రకటించి, ఉచితంగా మార్చి ఇస్తామన్నది. 2016లో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లను వెనక్కి తీసుకొని, మార్చి ఇచ్చినవి కూడా కాలడంతో తయారీనే నిలిపివేసింది. బ్యాటరీల రూపకల్పన, తయారీ లోపాలే కారణమని 2017 జనవరిలో ఆ సంస్థే వెల్లడించింది. ఈ రెండు సందర్భాలలోనూ లోపం వినియోగదారునిది కాదు.

4. చట్టం చెప్పినది:
మన దేశంలో సెల్‌ఫోను బ్యాటరీలకు, పవర్ బ్యాంకులకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. దానికి గుర్తు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య. 2020 జూలై నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టంలోని 84వ సెక్షను తయారీ లోపానికి, రూపకల్పన లోపానికి తయారీదారుని బాధ్యుణ్ణి చేసింది. సరైన వాడకంపై తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడమూ అందులో చేరింది. తయారీదారుడెవరో తెలియని సరుకుకు 86వ సెక్షను ప్రకారం అమ్మినవాడే బాధ్యుడు. పేరులేని డూప్లికేట్ బ్యాటరీలు అమ్మే దుకాణదారులు గమనించవలసిన నియమమిది. 34వ సెక్షను ప్రకారం వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కోదాడవాసి తయారీ సంస్థ ఉన్న నగరానికి వెళ్ళనవసరం లేదు.

5. హెచ్చరిక భాష:
అసలు చిక్కు 87వ సెక్షనులో ఉంది. వినియోగదారునికి సాధారణంగా తెలిసిన, లేదా అతడు తెలుసుకొని ఉండవలసిన ప్రమాదాన్ని హెచ్చరించనందుకు తయారీదారుడు బాధ్యుడు కాడు. సాధారణంగా తెలియడమంటే ఎవరికి, ఏ భాషలో? పెట్టెలోని కాగితంపై చిన్న అక్షరాల ఆంగ్లంలో ఉన్న సూచన, ఆంగ్లం రాని రైతుకూలీకి చేరినట్టు కాదు. ‘తగిన’ అన్న విశేషణాన్ని అక్కడున్న అక్షరాలతో గాక, చదివేవారి గ్రహణంతో కొలవాలి. లేకపోతే అందని హెచ్చరికే తయారీదారునికి రక్షణ కవచమవుతుంది. అనువాదంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ‘అధిక ఉష్ణోగ్రతకు గురిచేయరాదు’ అన్న వాక్యం కంటే ‘ఎండలో, పొయ్యి దగ్గర పెట్టకండి’, ‘ఉబ్బితే వాడకండి’, ‘పరుపు మీద చార్జింగ్ పెట్టకండి’ అన్న మాటలు సూటిగా చేరతాయి.

6. ముగింపు:
1. బ్యాటరీ ప్రమాదాన్ని వినియోగదారుని అజాగ్రత్తగా ముందే నిర్ణయించడం శాస్త్రానికీ, చట్టానికీ విరుద్ధం.
2. బ్యాటరీలను వెనక్కి తీసుకొనే ప్రకటనలు, హెచ్చరికలు తెలుగులో, వాడుక మాటలలో ఉన్నప్పుడే చట్టం కోరిన ‘తగిన’ స్థాయిని అందుకుంటాయి.
3. ‘ఉబ్బింది’ అన్న మాటకు ‘ప్రమాదం’ అన్న అర్థాన్ని జతచేయడం తయారీదారుని బాధ్యత. ఆ మాటలను కూర్చడంలో తెలుగు భాషా పరిశోధకులకూ పని ఉంది.