శత్రువు సాక్ష్యము

పాఠశాలలో బహుమానము పొందవలెనన్న మార్కుల పట్టిక యుండవలెను. పరుగు పందెములో ముందుగా వచ్చిన వానిని గుర్తించుటకు గీత యొద్ద నొక ఉపాధ్యాయుడు నిలిచి యుండవలెను. ఒక బాలుడు వచ్చి, నేను నిన్న రాత్రి చీకటిలో ఒంటరిగా పరుగెత్తి అందరికంటె వేగముగా గమ్యము చేరితినని చెప్పినచో అతనికి బహుమాన మిచ్చుట యెట్లు? అతడు అబద్ధ మాడుచున్నాడని కాదు, చూచినవారు లేరు. యుద్ధములో వైమానికులు చేసిన సాహసములకు బిరుదము లిచ్చుటలోను ఈ చిక్కే కలదు. ఇరువది, డెబ్బది సంవత్సరముల పిమ్మట ఒక వృద్ధ వైమానికునకో, మరణించిన వైమానికుని భార్యకో పతకము లభించినదని పత్రికలలో చదివినప్పుడు, ఇంత కాలము ఏమి చేయుచుండిరని మనకు కోపము కలుగుట సహజము. ఆ యాలస్యము ఎట్లు కలుగునో నిజముగా జరిగిన వృత్తాంతముల మూలమున ఇచ్చట వివరింప బూనితిని.

మన దేశమున శత్రువు నెదుట చూపిన పరాక్రమమునకు పరమవీరచక్రము, మహావీరచక్రము, వీరచక్రము అను మూడు బిరుదము లున్నవి. ఇవి 1950 జనవరి 26వ తేదీన స్థాపింపబడి, 1947 ఆగస్టు 15వ తేదీ నుండియే వర్తించునట్లు చేయబడినవి. సైనికుడు తనకు తానే పతకము నడుగుట మర్యాద కాదు. అతని పై యధికారి జరిగినది వ్రాసి సిఫారసు చేయవలెను. ఆ వ్రాతకు చూచినవారి మాట ఆధారముగా నుండవలెను. అది మెట్టు మెట్టుగా పై కార్యాలయములకు పోయి, తుదకు రాష్ట్రపతి పేర బిరుదము ప్రకటింపబడును.

నేలమీద పోరాడు సిపాయి చుట్టును అతని తోడివారుందురు. ఓడలో జరిగిన దానికి నావికులందరును సాక్షులే. ఒంటి మనిషి నడుపు యుద్ధవిమానము మాట వేరు. అది గంటకు కొన్ని వందల మైళ్ల వేగమున శత్రుదేశముపై పోవుచుండును. ముందుపోవు మిత్రుడు వెనుకకు తిరిగి చూచునంతలో వెనుకనున్న మిత్రుడు కనుమరుగై యుండును. 1971 డిసెంబరు 14వ తేదీన శ్రీనగరము మీద ఒంటరిగా ఆరు సేబర్ విమానములతో పోరాడి మరణించిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ కథ మీలో పలువురు వినియుందురు. ఆ పోరాటము తన విమానాశ్రయము మీదనే జరిగినది. క్రిందనున్నవారు కన్నులార చూచిరి. కనుకనే మన వైమానిక దళమునకు పరమవీరచక్రము తెచ్చిన యా వీరుని సంగతిలో సందేహమునకు తావు లేకపోయినది. ఇతరుల కట్టి యవకాశము దొరకదు.

చూచినవాడు శత్రువొక్కడే యైనచో? అట్టిదియు జరిగినది. 1943 ఆగస్టు 11వ తేదీన ఆఫ్రికా ఖండపు పశ్చిమ తీరమునకు దూరముగా, న్యూజీలాండు దేశస్థుడైన లాయిడ్ ట్రిగ్ అను వైమానికుడు తన లిబరేటర్ విమానముతో ఒక జర్మను జలాంతర్గామిని ఎదుర్కొనెను. జలాంతర్గామి నుండి వచ్చిన గుండ్లచే విమానము మండసాగినది. సముద్రమున దిగి ప్రాణములు దక్కించుకొన చూడక, ట్రిగ్ మండుచున్న విమానమును జలాంతర్గామి మీదుగా నడిపి బాంబులు విడిచెను. విమానము కూలి అందులోని ఎనమండుగురును మరణించిరి, జలాంతర్గామియు మునిగినది. బ్రతికిన జర్మనులు ఏడుగురు ఆ విమానముననుండి విడివడి తేలుచున్న రబ్బరు పడవ నెక్కి ప్రాణములు కాపాడుకొనిరి. ఇంగ్లీషు ఓడ వారిని పట్టుకొన్నప్పుడు, జలాంతర్గామి నాయకుడు తన్ను ముంచినవాని ధైర్యమును దాచక చెప్పెను. ఆ మాట మీదనే, ఇంకొక సాక్షి లేకున్నను, బ్రిటిషు ప్రభుత్వము ట్రిగ్‌కు విక్టోరియా క్రాసు నిచ్చెను. మూడు నెలలు నిండకముందే 1943 నవంబరు 2వ తేదీన గెజెటులో ప్రకటించిరి. శత్రువు చేతికి చిక్కుటచే సాక్ష్యమును వెంటనే చిక్కినది.

రెండవ కథలో సాక్షులకు కొదువ లేదు గాని వారి నోరు కట్టివేసిరి. 1952 నవంబరు 18వ తేదీన కొరియా యుద్ధకాలమున రాయిస్ విలియమ్స్ అను అమెరికా నౌకాదళ వైమానికుడు ఒరిస్కానీ అను విమానవాహక నౌక నుండి పాంథర్ విమానములో బయలుదేరెను. అతనితో కూడ నాలుగు విమానములు. ఒకటి యంత్రము చెడి మరలినది. దానికి తోడుగా మరియొకటి పోయినది. అప్పుడు ఏడు మిగ్-15 విమానము లెదురుపడినవి. మిగ్ విమానము పాంథర్‌కంటె ఎక్కువ వేగము గలది. మిగిలిన తోడు విమానమును దూరము కాగా విలియమ్స్ ఒంటరియై సుమారు 35 నిమిషములు పోరాడి నాలుగు మిగ్‌లను కూల్చెను. నౌకపై దిగిన పిమ్మట లెక్కించగా అతని విమానమునకు 263 రంధ్రములు పడియుండెను.

ఇంత చేసినవానిని ఊరేగింతురని మన మనుకొందుము. కాని ఆ మిగ్‌లను నడిపినవారు కొరియావారు కారు, సోవియట్ రష్యా వైమానికులు. రష్యాయు అమెరికాయు నేరుగా కొట్టుకొన్నవని లోకమునకు తెలిసినచో యుద్ధము ఎంత దూరము ప్రాకునో అని రెండు పక్షములకును భయము. పైగా, రష్యనులు రేడియోలో మాటలాడుకొన్నది అమెరికావారు రహస్యముగా వినుచుండిరి. ఆ సంగతి బయట పెట్టరాదు. ఎవరితోను చెప్పవలదని విలియమ్స్ నాజ్ఞాపించిరి. 1953లో అతనికి సిల్వర్ స్టార్ అను పతక మిచ్చిరి గాని, ఆ పత్రములో నాలుగు విమానముల లెక్క లేదు. వైరి ఎవరను మాట యసలే లేదు. అతడు ఆ యాజ్ఞను పాటించి, కట్టుకొన్న భార్యకు సైతము చెప్పక యేబది సంవత్సరములు నోరు మెదపలేదు. 2002లో గాని ఆ రహస్యము సడలింపబడలేదు. సోవియట్ రాజ్యము కూలిన పిమ్మట రష్యనుల వైపు నుండియు ఆనాడు చనిపోయిన తమ నలుగురు వైమానికుల పేరులు బయటికి వచ్చినవి. అప్పుడు అతని మిత్రులును, శాసనసభ్యులును ఆ పాత కాగితములు చేతబట్టి, ఈ వృద్ధునకు తగిన గౌరవము జరుగవలెనని పట్టుబట్టిరి. పట్టుపట్టుట యనగా సులభము కాదు. ఆ దేశమున ఇట్టి బిరుదములకు కాలపరిమితి కలదు; గడువు దాటిన కథను తిరుగదోడుటకు క్రొత్త ఆధారము చూపవలెను. 2023 జనవరి 20వ తేదీన శాన్ డియేగో నగరమున నేవీ క్రాసు అను పెద్ద పతకమును ఆ దేశపు నౌకాదళ మంత్రి విలియమ్స్‌కు అలంకరించెను. అప్పటికి ఆయన వయస్సు 97 సంవత్సరములు.

ఇక మన దేశపు కథ. స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య కొడగు సీమవాడు. 1932 డిసెంబరు 24వ తేదీన జన్మించెను. 1954లో వైమానిక దళమున చేరెను. విమానము నడుపుట ఇతరులకు నేర్పు గురువు. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఆదంపూర్ స్థావరమునందలి ఒకటవ స్క్వాడ్రనులో ఉండెను. సెప్టెంబరు 6వ తేదీ సాయంసమయమున పాకిస్థాను విమానములు మన పఠాన్‌కోట్ మొదలగు స్థావరములపై దాడి చేసినవి. ఆ రాత్రియే ఆదంపూర్ సమీపమున శత్రుసైనికులు పారాచూట్లతో దిగిరి. అట్టి రాత్రి గడచిన పిమ్మట తెల్లవారుజామున, వింగ్ కమాండర్ ఓ. పి. తనేజా నాయకత్వమున మిస్టేర్ విమానముల దండు సర్గోధా స్థావరముపైకి పోవలసియుండెను. సర్గోధా ఆదంపూర్‌కు సుమారు 190 మైళ్ల దూరమున పాకిస్థాను లోపల నున్నది; ఆ దేశపు వైమానిక బలమునకు గుండెకాయ వంటిది.

ఆ దండు పట్టికలో దేవయ్య స్థానము అదనపు మనిషిది. పోవలసిన పన్నెండు విమానములలో ఏదైన చెడి నిలిచిపోయినచో దాని స్థానమున పోవలెను. లేనిచో వెనుకకు మరలవలెను. ఒక విమానము నిలిచిపోయినది. దేవయ్య పోయెను.

దాడి ముగించుకొని మన విమానములు నేలకు దగ్గరగా ఎగురుచు మరలుచుండ, ఫ్లైట్ లెఫ్టినెంట్ అమ్జద్ హుసేన్ అను పాకిస్థాను వైమానికుడు స్టార్‌ఫైటర్ విమానముతో తరిమెను. స్టార్‌ఫైటర్ ధ్వని వేగమునకు రెండింతలు పోగలిగిన యమెరికా విమానము. మిస్టేర్ సమముగా ఎగురునప్పుడు ధ్వని వేగమునైనను అందుకొనజాలదు. వేగమునకు తోడు చమురు చిక్కొకటి. సర్గోధా పోయి వచ్చుటకు మాత్రమే సరిపోవు చమురుతో వెడలిన విమానము దారిలో ఆగి పోరాడినచో, పోరులో గెలిచినను ఇల్లు చేరుట దుర్లభము. విమానవిద్య నేర్పు గురువునకు ఈ లెక్క తెలియదని యెవరనగలరు? స్టార్‌ఫైటర్ గుండ్లచే దేవయ్య విమానము దెబ్బతినెను. అయినను అతడు మరలి, తన కంటె వేగమైన యా శత్రువుతో మెలికలు తిరుగుచు పోరాడి తన ఫిరంగులతో దానిని కొట్టెను. స్టార్‌ఫైటర్ అదుపు తప్పి కూలినది. అమ్జద్ హుసేన్ పారాచూట్ సహాయమున బ్రతికెను. దేవయ్య బ్రతుకలేదు. అతని దేహమును ఆ ప్రాంతపు గ్రామస్థులు కనుగొని అచ్చటనే పాతిపెట్టిరి.

ఇదంతయు మనవా రెవరును చూడలేదు. ఆదంపూర్‌లో విమానములు దిగినవి. లెక్కింపగా ఒకటి తక్కువ. దేవయ్య కానరాలేదని మాత్రము వ్రాసికొనిరి. ఏ తుపాకి గుండు తగిలి కూలెనో, చమురు చాలక కూలెనో తెలియక, భార్యయు పిల్లలును ఎదురుచూచు నింటికి ఆ యొక్క మాటయే పోయినది. ఇట్టి మాటలో కీర్తియు లేదు, ఊరటయు లేదు.

విధి వింతను చూడుడు. 1971 యుద్ధమున ఆ అమ్జద్ హుసేనే అమృతసరము వద్ద విమానము కూలి మన చేతికి బందీగా చిక్కెను. దేవయ్య కడపటి నిమిషములను ఎరిగిన మనుష్యుడు మన దేశములోనే ఉండెను. అయినను ఆ కథ మన రికార్డుల కెక్కలేదు. 1979లో జాన్ ఫ్రికర్ అను ఇంగ్లీషు రచయిత పాకిస్థాను వైమానిక దళపు వైపు నుండి ఆ యుద్ధచరిత్రను ప్రకటించెను. ఆ గ్రంథమున, సర్గోధాపై దాడి చేసి మరలుచున్న మిస్టేర్ ఒకటి ఎదురుతిరిగి స్టార్‌ఫైటర్‌ను కూల్చినదని యున్నది. ఆ విమానమును నడిపినవా డెవడో అందు లేదు.

పేరు కనుగొనుట గణితశాస్త్రపు సమస్య వంటిది. ఆ తొలి దండులో మరలివచ్చినవారెవరును స్టార్‌ఫైటర్‌తో పోరాడలేదు, పోరాడియున్నచో చెప్పకుందురా? రానివాడు ఒక్కడే. కనుక ఆ ఒక్కడే పోరాడినవాడు. ఆనాటి దండు నాయకుడు తనేజా తాను వీరచక్రము పొందినవాడు. తనకు కొరత లేదు. తన వెంట వచ్చి తిరిగిరాని యా యదనపు మనిషికి న్యాయము జరుగవలెనని ఆయన విన్నవించెను. శత్రుపక్షపు గ్రంథము ఆధారముగా, పదునాలుగేండ్లు దాటిన పిమ్మట, పాత లాగు పుస్తకములు తిరుగవేయవలసివచ్చెను. ఇది ప్రభుత్వపు కఠినత్వమని నింద వేయుట సులభమే. కాని సాక్ష్యము లేక పతకము లిచ్చు దేశములో పతకమునకు విలువ యుండునా యనియు నాలోచింపవలెను. నా మట్టుకు, సాక్ష్యము దొరకిన పిమ్మట గడచిన తొమ్మిదేండ్లనే తప్పుపట్టుదును గాని, అంతకు ముందరి కాలమును కాదు.

1988లో దేవయ్యకు మహావీరచక్రము ప్రకటింపబడినది. నడుమ నైదు కోణముల నక్షత్రమును, వెనుక రెండు తామరపూవులును గల వెండి పతకమది. దాని పట్టీ సగము తెలుపు, సగము నారింజ రంగు. యుద్ధము ముగిసి అప్పటికి 23 సంవత్సరములు. పతకమును దేవయ్య భార్య అందుకొనెను.