ఇల్లు కట్టే ముందు నేలను చదవాలి

పదకొండేళ్ల క్రితం మేము హైదరాబాదు శివార్లలో 200 గజాల స్థలం కొన్నాము. జిల్లా కేంద్రంలో చిన్న బట్టల దుకాణం మీద బతికే కుటుంబానికి అది చిన్న సాహసం కాదు. పిల్లల చదువుల కోసం దాచిన సొమ్ము, అమ్మిన నగలు, దగ్గరి బంధువులు ఇచ్చిన కర్జె హసనా అన్నీ కలిస్తే గాని ఆ మొత్తం సమకూరలేదు. రిజిస్ట్రేషను అయిన రోజున ఇంటిల్లిపాదీ దుఆ చేసుకున్నాము. మనకంటూ ఒక నీడ ఏర్పడిందని నమ్మాము.

నాలుగేళ్ల తరువాత, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కోసం వెళ్ళినప్పుడు అసలు సంగతి తెలిసింది. మా స్థలంలో సగానికి పైగా, పక్కనే ఉన్న చెరువు హద్దుకు ఆనుకుని ఖాళీగా విడువవలసిన జాగాలో ఉంది. అక్కడ గోడ లేపడానికి వీలు లేదు. లేఅవుటుకు అనుమతి ఉన్నదంటూ అమ్మినవారు మాకు చూపిన కాగితం మీద ఉన్నది గ్రామ పంచాయతీ ముద్ర మాత్రమే. రిజిస్ట్రేషను అయింది కదా అని మేము వాదించాము. రిజిస్ట్రేషను అంటే ఆస్తి చేతులు మారిందనడానికి గుర్తే తప్ప, అక్కడ ఇల్లు కట్టుకోవచ్చుననే హామీ కాదని ఆనాడు మాకు తెలియదు.

ఆ రోజు మా పెద్దమ్మాయి కూడా వెంట వచ్చింది. అప్పుడామె సివిల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతోంది. చెరువు కట్ట మీద నిలబడి చాలాసేపు చూసి, “అబ్బా! ఈ చెరువు ఎప్పటి నుండో ఇక్కడే ఉంది. మనకు చూపిన పటంలోనే అది లేదు” అన్నది. మరుసటి ఏడాది ఆమె నగర ప్రణాళికలో స్నాతకోత్తర విద్య అభ్యసిస్తానని చెప్పినప్పుడు, ఆ నిర్ణయం ఎక్కడ పుట్టిందో మాకు అడగవలసిన అవసరం రాలేదు. మన ఇళ్లలో అంతగా వినబడని ఆ చదువును గురించి, అది మాకు నేర్పిన సంగతులను గురించి ఈ నాలుగు మాటలు.

ఈ చదువు ఏమిటి?

మన దేశంలో దీనిని ‘మాస్టర్ ఆఫ్ ప్లానింగ్’ అంటారు, వాడుకలో ఎం.ప్లాన్. కాలవ్యవధి రెండు సంవత్సరాలు. ఐదేళ్ల ఆర్కిటెక్చరు, నాలుగేళ్ల ప్లానింగు, లేదా సివిల్ ఇంజనీరింగు పట్టా ఉన్నవారు దీనికి అర్హులు. భూగోళశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం వంటి విషయాలలో ఎం.ఏ. చేసినవారికి కూడా కొన్ని విద్యాసంస్థలు అవకాశం ఇస్తాయి. ఇంజనీరింగు చదవలేదని నిరాశపడే పిల్లలకు ఈ సంగతి తెలియాలి. నగరం ఇటుకలతోనే కాదు, మనుషులతో కూడా ఏర్పడుతుంది కదా!

ప్రవేశానికి ప్రధాన ద్వారం గేట్ పరీక్ష. అందులో ‘ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్’ అనే ప్రత్యేక పత్రం ఉంటుంది. ఒకసారి సాధించిన స్కోరు మూడేళ్ల పాటు చెల్లుతుంది. ఢిల్లీ, భోపాల్, విజయవాడలలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ సంస్థలలో గేట్ స్కోరు ఆధారంగా కేంద్రీకృత కౌన్సెలింగు ద్వారా సీట్లు లభిస్తాయి. విజయవాడ సంస్థ 2008లో మొదలైంది; 2014 నాటి చట్టంతో ఈ సంస్థలకు జాతీయ ప్రాధాన్యం గల సంస్థలనే హోదా దక్కింది. ఖరగ్‌పూర్, రూర్కీ ఐ.ఐ.టి.లలోనూ, అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయంలోనూ ఈ విద్య ఉంది. హైదరాబాదులో మాసబ్ ట్యాంకు వద్ద జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నది.

బ్రిటన్‌లో నగర ప్రణాళికనూ ఆస్తుల అభివృద్ధినీ కలిపి ఒకే ఎం.ఎస్సీ.గా బోధించే కోర్సులు ఉన్నాయి. పూర్తికాలం చదివితే సాధారణంగా ఒక సంవత్సరంలో ముగుస్తాయి. అక్కడ ప్రణాళికకారుల వృత్తి సంస్థ రాయల్ టౌన్ ప్లానింగ్ ఇన్‌స్టిట్యూట్. అది 1914లో ఏర్పడింది. భూమి, ఆస్తుల విలువ కట్టే నిపుణుల సంస్థ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్. అది 1868 నాటిది. ఎంచుకున్న కోర్సుకు ఈ సంస్థల గుర్తింపు ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి. ఆ గుర్తింపు లేని పట్టాతో ఆ దేశంలో వృత్తి హోదా పొందడం కష్టమవుతుంది.

రెండేళ్లలో ఏమి నేర్పుతారు?

మా అమ్మాయి మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆమె సంచిలో పుస్తకాల కంటే పటాలే ఎక్కువగా ఉన్నాయి. ఈ చదువుకు గుండెకాయ ‘స్టూడియో’ అనే తరగతి. విద్యార్థులు జట్లుగా ఒక పేటకో, పట్టణానికో వెళ్లి వీధి వీధీ తిరుగుతారు. ఎవరి ఇంటికి నీరు ఎన్ని గంటలు వస్తుంది, మురుగు ఎటు పోతుంది, బడి ఎంత దూరం, అంబులెన్సు ఏ సందు దాకా రాగలదు అన్నవి నమోదు చేస్తారు. ఆ వివరాలను కంప్యూటరులో ఉపగ్రహ చిత్రాలతో కలిపి పటాలుగా మారుస్తారు. ఆ తరువాతే పరిష్కారాలు ప్రతిపాదిస్తారు.

దీనితో పాటు భూ అర్థశాస్త్రం, గృహవసతి, రవాణా, పర్యావరణం, చట్టాలు బోధిస్తారు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలును చేర్చి, పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 విధులను పేర్కొన్నది. వాటిలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. అంటే మన వార్డు సభ్యుని దగ్గర మనం అడగవలసింది వీధి దీపం ఒక్కటే కాదు.

ధర వెనుక ఉన్న లెక్క

ఈ చదువులో మమ్మల్ని అన్నిటికంటే ఆలోచింపజేసినది బిల్డర్లు వేసే ఒక లెక్క. భూమికి ఎంత ధర ఇవ్వవచ్చునో వారు వెనుక నుండి లెక్కించి తెలుసుకుంటారు. ఉదాహరణకు, ఒక స్థలంలో కట్టే ఫ్లాట్లన్నీ అమ్మితే 10 కోట్ల రూపాయలు వస్తాయనుకుందాము. నిర్మాణానికి 5 కోట్లు, నక్షాలకూ అనుమతులకూ 60 లక్షలు, పెట్టుబడి మీద పడే ఖర్చు 60 లక్షలు, అమ్మకపు ఖర్చులు 30 లక్షలు, బిల్డరు లాభం కోటి 50 లక్షలు. మొత్తం 8 కోట్లు. మిగిలినవి 2 కోట్లు. ఆ స్థలానికి న్యాయంగా ఇవ్వదగిన ధర అదే.

పోటీలో ఒకరు 3 కోట్లు పెట్టి కొన్నారనుకోండి. ఆ అదనపు కోటి ఎక్కడి నుండి రావాలి? తన లాభం వదులుకునేవారు అరుదు. కనుక పార్కుకు విడువవలసిన జాగాలో రెండు ప్లాట్లు మొలుస్తాయి. 40 అడుగుల దారి 25 అడుగులు అవుతుంది. అనుమతి లేని అంతస్తు పైకి లేస్తుంది. చెరువు హద్దు పటం నుండి మాయమవుతుంది. “మనం కొన్న ప్లాటు కూడా ఆ కోటిలో ఒక ముక్కే, అమ్మీ” అని మా అమ్మాయి చెప్పినప్పుడు, మోసం అనేది అమ్మకం నాడు కాదు, భూమి కొన్న నాడే మొదలవుతుందని మాకు అర్థమయింది.

2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం, అంటే మనం ‘రెరా’ అని పిలిచేది, ఈ రోగానికి కొంత మందు వేసింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, 8కి మించిన ఫ్లాట్లతో గాని చేపట్టే ప్రాజెక్టును నమోదు చేయకుండా అమ్మరాదు. కొనుగోలుదారుల నుండి వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు భూమికీ నిర్మాణానికీ మాత్రమే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఒప్పందం వ్రాసి నమోదు చేయకుండా 10 శాతానికి మించి బయానా తీసుకోరాదు.

నీరు మరచిపోదు

హైదరాబాదు నగరమే ఈ విద్యకు ఒక పెద్ద పాఠ్యగ్రంథం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఈ నగరానికి రూపకల్పన చేశారు. నడుమ చార్మినారు, అక్కడి నుండి నాలుగు దిక్కులకూ నాలుగు రాజమార్గాలు. ముందు పటం, తరువాత నగరం.

తరువాతి తరాలు ఆ క్రమాన్ని మరచిపోయాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని రప్పించింది. ఆయన సూచనలతో ఎగువన జలాశయాల నిర్మాణం జరిగింది: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు పేటలను సరిచేసి, విశాలమైన వీధులు వేసి, పేదలకు ఇళ్లు కట్టించింది. వరద వచ్చిన తరువాత చేసిన పని అది. వరద రాకముందే చేయడం ప్రణాళిక.

చెరువుల చుట్టూ ఖాళీ జాగా ఎందుకు విడువమంటారో ఇప్పుడు మాకు తెలుసు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు విడువాలి. చెరువు నిండిన ఏడాది నీరు తన చోటును వెతుక్కుంటూ వస్తుంది. ఆ చోట ఎవరి ఇల్లు ఉన్నదో అది చూడదు.

దారి వెడల్పు విషయంలో వివాదం వస్తే ఏడు మూరలు విడువవలసిందని దైవప్రవక్త (సఅసం) తీర్పు చెప్పినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. వీధి అందరిదీ, దానిని కుదించే హక్కు ఇంటి యజమానికి లేదన్న సూత్రం మనకు కొత్తది కాదు. దానిని మన మొహల్లాలలో ఎంతవరకు పాటిస్తున్నామో మనమే ఆలోచించుకోవాలి.

మన ఇళ్లలోని సందేహాలు

మా అమ్మాయి దరఖాస్తు చేసిన నాడు ఇంట్లో అభ్యంతరాలు లేకపోలేదు. “ఆపా! ఆడపిల్లను అంత దూరం పంపి వీధులు కొలిపిస్తారా?” అన్నాడు వాళ్ల మామూ. ఆ మాటకు మా దగ్గర అప్పుడు జవాబు లేదు. తరువాత సర్వేలలో, పరదా పాటించే ఇళ్లలోకి వెళ్లి తల్లులతో మాట్లాడగలిగింది జట్టులోని అమ్మాయిలే. నీటి కొరత, వంటింటి ఇరుకు, చీకటి పడితే సందులో నడవలేని భయం స్త్రీల నోట వింటేనే పటంలోకి ఎక్కుతాయి.

రెండవ సందేహం ఉపాధి. రాష్ట్ర ప్రభుత్వాల పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖలు, పట్టణాభివృద్ధి సంస్థలు, పురపాలక సంఘాలలోని టౌన్ ప్లానింగు విభాగాలు, ప్రైవేటు కన్సల్టెన్సీలు, నిర్మాణ సంస్థలు, ఆస్తుల విలువ కట్టే సంస్థలు ఈ పట్టభద్రులను తీసుకుంటాయి. 2011 జనాభా లెక్కల నాటికే దేశ జనాభాలో సుమారు 31 శాతం పట్టణాలలో నివసించింది. ఉద్యోగం మొదటి రోజే చేతికి వస్తుందని మేము చెప్పము. మా అమ్మాయికి ఎనిమిది నెలలు పట్టింది.

మూడవది ఖర్చు. వడ్డీ లేని మార్గాలు వెతికే కుటుంబాలకు ప్రభుత్వ సంస్థలలో గేట్ స్కోరుతో లభించే ఉపకార వేతనం ఎంతో ఆసరా. విదేశాలకు వెళ్లే మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద 20 లక్షల రూపాయల వరకు సాయం అందిస్తుంది. కుటుంబ ఆదాయ పరిమితి, గడువు తేదీలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి.

మరొక మాట. మన పూర్వులు మసీదుల కోసం, అనాథల కోసం, విద్య కోసం వదలి వెళ్లిన వక్ఫ్ భూములు సరైన సర్వే లేక, హద్దులు తెలియక చేజారుతున్నాయి. వాటిని పటం మీదకు ఎక్కించగలవారు, వాటి మీద న్యాయమైన రాబడి ఎలా సాధించాలో లెక్క వేయగలవారు మనలో నుండి రావాలి. ఆవేదన చెందేవారు మనలో చాలామంది ఉన్నారు. సర్వే నంబరు చదవగలవారు తక్కువ.

స్థలం కొనేవారికి

మా అమ్మాయి ఇప్పుడు బంధువులందరికీ చెప్పే మాటలు ఇవి. బయానా ఇవ్వకముందు ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లానులో ఏ జోనులో ఉన్నదో చూడండి. లేఅవుటుకు పట్టణాభివృద్ధి సంస్థ లేదా టౌన్ ప్లానింగు శాఖ తుది అనుమతి ఉన్నదా అని అడగండి. రెరా నంబరును ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూడండి. రెవెన్యూ వారి గ్రామ పటంలో చెరువు, వాగు, నాలా ఎక్కడున్నాయో గమనించండి. వక్ఫ్, దేవాదాయ, ప్రభుత్వ భూముల జాబితాలో ఆ నంబరు లేదని నిర్ధారించుకోండి. చివరగా, వర్షాకాలంలో ఒకసారి ఆ స్థలం దగ్గరకు వెళ్లండి.

గత ఏడాది మా ప్లాటును కొంటామని ఒక సోదరుడు వచ్చాడు. గల్ఫులో ఏళ్ల తరబడి కష్టపడి తిరిగి వచ్చినవాడు. మేము పెట్టినదానికి రెట్టింపు ధర ఇస్తానన్నాడు. చెరువు సంగతి అతనికి తెలియదు. మధ్యవర్తి మమ్మల్ని పక్కకు పిలిచి, “మీకు ఎవరు చెప్పారు, మీరు చెప్పడానికి?” అన్నాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదన్నది నిజం. కర్జె హసనాలో కొంత ఇంకా తీర్చవలసే ఉంది.

అమ్మే వస్తువులోని లోపాన్ని దాచరాదన్న బోధ చిన్ననాటి నుండి వింటున్నదే. అయినా ఫజర్ దాకా ఊగిసలాడాము. ఉదయం మా అమ్మాయి తాను గీసిన పటాన్ని బల్ల మీద పరచింది. అందులో చెరువు ఉంది, 30 మీటర్ల గీత ఉంది, మా 200 గజాలు ఉన్నాయి. ఆ సోదరుడు వచ్చాక దానిని అతని ముందు ఉంచాము. అతను చాలాసేపు చూసి, సలాము చెప్పి, వెళ్లిపోయాడు. వారం తరువాత మరొక స్థలం కాగితాలు పట్టుకుని మళ్లీ వచ్చాడు. వాటిని చూసిపెట్టమని మా అమ్మాయిని అడగడానికి.

మా ప్లాటు నేటికీ ఖాళీగానే ఉంది. నిరుడు వానలకు చెరువు నిండి, నీరు మా హద్దు రాయి దాకా వచ్చి ఆగింది.