డబ్బా చెడలేదు, మాట ఆగింది: బండి తీగల సంగతి

నిరుడు వానాకాలంలో మన సొసైటీ అంబులెన్సు రోడ్డు మీద ఆగిపోయిన సంగతి మీలో చాలామందికి తెలిసిందే. భూపాలపల్లి నుంచి పేషెంటును తీసుకువెళ్లి వరంగల్‌లో దింపి, పరకాల మీదుగా తిరిగి వస్తూ రేగొండ దాటాక ఆగింది. ఖాళీగా ఉన్నప్పుడు ఆగింది కాబట్టి సరిపోయింది. డ్రైవరు భాయ్ చెప్పిన లక్షణాలు ఇవి: మీటరు ముళ్లన్నీ ఒక్కసారిగా సున్నాకు పడిపోయాయి, డ్యాష్‌బోర్డు మీద ఉన్న లైట్లన్నీ వెలిగాయి, తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోలేదు. బ్యాటరీ మాత్రం బాగానే ఉంది.

బండిని లాగించి ఒక వర్క్‌షాపుకు చేర్చాం. వాళ్లు స్కానరు పెట్టి యూ 0100 అనే కోడ్ వచ్చిందన్నారు. ఇంజిన్ ఈసీయూ పోయింది, కొత్తది వేయాలి అని చెప్పి ఒక పెద్ద అంకె కాగితం మీద రాసిచ్చారు. అది మీ చందాల్లోంచి వెళ్లవలసిన డబ్బు. మేము సంతకం పెట్టడానికి సిద్ధపడ్డాం కూడా. సంతకానికి ముందు, ఎందుకైనా మంచిదని, ఒకప్పుడు మా దగ్గర చదువుకుని ఇప్పుడు జనగామలో ఒక షెడ్డులో వైరింగ్ పని చేస్తున్న పిల్లవాడికి ఫోన్ చేశాం. వాడు మోటారు సైకిల్ మీద వచ్చి, బ్యాటరీ తీగ విప్పి, స్టీరింగు కింద ఉన్న పదహారు కాళ్ల సాకెట్‌లో మీటరు పెట్టి చూశాడు. "సార్, అరవై చూపించాలి, నూట ఇరవై చూపిస్తోంది. డబ్బా చెడలేదు, మాట ఆగింది" అన్నాడు. బానెట్ కింద ఒక ఇనుప పట్టీకి రాసుకుని రాసుకుని తెగిన తీగ గంటలోపే దొరికింది.

అంత ఖరీదైన డబ్బా ఖర్చు జానెడు తీగతో ఎలా తప్పిందని సర్వసభ్య సమావేశంలో చాలామంది దాతలు అడిగారు. అప్పుడు సమయం చాలలేదు. ఇక్కడ చెబుతున్నాం.

పాత అంబాసిడర్ కారులో ప్రతి పనికీ ఒక తీగ ఉండేది. ఇంజిన్ వేడిని కొలిచే సెన్సరు నుంచి ఒక తీగ నేరుగా మీటరు ముల్లు దాకా వచ్చేది. ఎక్కడ కరెంటు ఆగిందో టెస్ట్ ల్యాంపు పెట్టి వెతికితే దొరికిపోయేది. మా ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉస్తాదుల దగ్గర పని నేర్చుకున్న తరమంతా ఆ ల్యాంపుతోనే ఇల్లు గడుపుకుంది. తరువాత బండిలో కంప్యూటర్లు పెరిగాయి. ఇంజిన్‌కు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, మీటరు బోర్డుకు ఒకటి. బండి వేగం ఎంతో వీటన్నిటికీ తెలియాలి. ఒక్కొక్కదానికి విడివిడిగా తీగ లాగితే బండి నిండా తీగల మోపులే ఉంటాయి. అందుకే ఒకే జత తీగల మీద, సమాచారాన్ని సున్నాలూ ఒకట్లూగా మార్చి, ఒకదాని వెనుక ఒకటి వరుసగా పంపే పద్ధతి వచ్చింది. దాన్నే సీరియల్ పద్ధతి అంటారు. ఒకే తలుపున్న గదిలోంచి పిల్లలు వరుసకట్టి బయటికి రావడం లాంటిది.

జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1983లో ఈ పని మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఇంజినీర్ల సభలో ప్రకటించింది. దాని పేరు క్యాన్. 1990ల మొదట్లో మెర్సిడెస్ బెంజ్ పెద్ద కార్లలోకి వచ్చింది. 1993లో అంతర్జాతీయ ప్రమాణంగా 11898 అనే నంబరు పొందింది. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక పొగగొట్టం దగ్గర కూడా సెన్సర్లు పెరిగాయి. డీజిల్ బండ్లలో ఉండే నాక్స్ సెన్సరు కూడా ఈ తీగల మీదే తన కొలత చెబుతుంది.

దీన్ని పిల్లలకు చెప్పాలంటే మేము పెళ్లి ఫంక్షన్ హాలు ఉదాహరణ చెబుతాం. "తెల్ల బొలేరో అడ్డంగా ఉంది, తీయండి" అని మైకులో చెబితే అందరూ వింటారు, బొలేరో వాడు మాత్రమే లేస్తాడు. క్యాన్ కూడా అంతే. ఇంజిన్ కంప్యూటరు "వేడి ఇంత" అని ప్రకటిస్తుంది. ఎవరికి కావాలో వాళ్లు తీసుకుంటారు. సందేశానికి ఒక నంబరు ఉంటుంది గానీ, ఫలానా వారికని చిరునామా ఉండదు.

ఇద్దరు ఒకేసారి మైకు అందుకుంటే? ఈ వ్యవస్థలో అసలు తెలివి ఇక్కడే ఉందని మా అభిప్రాయం. మేము ఎనిమిదో తరగతిలో ఒక ఆట ఆడిస్తాం. సున్నాకు చప్పట్లు, ఒకటికి మౌనం. ఒకరికి 3 అనే అంకె ఇస్తాం, అంటే 0011. ఇంకొకరికి 5, అంటే 0101. ఇద్దరూ కళ్లు మూసుకుని ఒకేసారి మొదలుపెట్టాలి. మొదటి లెక్కకు ఇద్దరూ చప్పట్లు కొడతారు. రెండో లెక్కకు 3 వాడు కొడతాడు, 5 వాడు మౌనంగా ఉంటాడు. తను ఊరుకున్నా చప్పుడు వినిపించింది కాబట్టి, తనకంటే చిన్న అంకె వాడు ఉన్నాడని 5 వాడికి తెలిసిపోతుంది. వెంటనే ఆగిపోతాడు. 3 వాడికి ఏ ఆటంకమూ లేదు. రెండోసారి మొదలుపెట్టే పనీ లేదు. చిన్న నంబరుదే ముందు మాట. అందుకే తొందర పనులకు చిన్న నంబర్లు, అద్దాలు దించడం లాంటి తాపీ పనులకు పెద్ద నంబర్లు ఇస్తారు. సెకనుకు 5 లక్షల బిట్ల వేగంతో నడిచే తీగ మీద సెకనుకు సుమారు నాలుగు వేల సందేశాలు పోగలవు.

తప్పు దొర్లితే ఏం చేయాలో కూడా ఇందులోనే ఉంది. ప్రతి సందేశం చివర ఒక సరిచూపు లెక్క ఉంటుంది. అది కుదరకపోతే విన్నవాళ్లు తప్పు అని కేక వేస్తారు, పంపినవాడు మళ్లీ పంపాలి. పంపడంలో పొరపాటు జరిగితే సాధారణంగా 8 మార్కులు పడతాయి, సరిగా పంపినప్పుడల్లా 1 తగ్గుతుంది. 255 దాటితే ఆ కంప్యూటరు తనంతట తానే తీగ మీద మాట్లాడటం మానేస్తుంది. ఒకడి గోల వల్ల మిగతా క్లాసు చెడిపోకుండా ఇంత చక్కటి ఏర్పాటు మా బడిలో కూడా లేదు.

తీగలు రెండెందుకు? మహబూబాబాద్ వైపు మిర్చి రైతులకు చెప్పనక్కర్లేదు, తక్కెడ రెండు పళ్లాల్లోనూ సమానంగా దుమ్ము పడితే ముల్లు కదలదు. మౌనంగా ఉన్నప్పుడు రెండు తీగల మీదా సుమారు 2.5 వోల్టులు ఉంటాయి. మాట్లాడినప్పుడు ఒకటి 3.5కు లేస్తుంది, రెండోది 1.5కు దిగుతుంది. వినేవాడు ఆ తేడానే చూస్తాడు. పక్కన డైనమో, హారన్ రేపే అలజడి రెండు తీగల మీదా సమానంగా పడుతుంది కాబట్టి తేడా మారదు. సమానంగా పడాలనే రెండు తీగలనూ జడలా మెలేస్తారు. రిపేరు చేసేటప్పుడు ఆ మెలిక విప్పేసి పొడవుగా వదిలేస్తే ఈ లాభం పోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక బాగుచేసిన బండ్లే మళ్లీ షెడ్డుకు రావడం చూశాం.

ఇక ఆ అరవై, నూట ఇరవై సంగతి. ఈ జత తీగల రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టరు ఒక్కొక్కటి ఉంటుంది. ఖాళీ గదిలో గొంతు గోడకు తగిలి తిరిగి వచ్చినట్టు, తీగ చివర సంకేతం తిరిగి వచ్చి గందరగోళం చేయకుండా అవి ఆపుతాయి. రెండు 120లు పక్కపక్కన ఉంటే లెక్క ప్రకారం 60. పదో తరగతి ఫిజిక్సు పుస్తకంలో ఉన్నదే. బ్యాటరీ విప్పి, సాకెట్‌లో 6, 14 నంబరు కాళ్ల మధ్య మీటరు పెడితే 60 దగ్గర చూపించాలి. 120 చూపిస్తే ఎక్కడో తీగ తెగింది, లేదా ఒక చివరి రెసిస్టరు అందడం లేదు. సున్నా దగ్గర చూపిస్తే రెండు తీగలూ కలిసిపోయాయి. కొన్ని కొత్త కార్లలో సాకెట్‌కూ లోపలి తీగలకూ మధ్య గేట్‌వే అనే ఇంకో కంప్యూటరు ఉంటుంది, అక్కడ కొలత లోపలే తీసుకోవాలి.

స్కానరు చూపిన కోడ్ కూడా ఇదే చెప్పింది, చదివినవాళ్లు తొందరపడ్డారంతే. పీ అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు ఇంజిన్, గేర్లకు సంబంధించినవి. యూతో మొదలయ్యేవి ఎక్కువగా సంభాషణకు సంబంధించినవి. యూ 0100 అంటే ఇంజిన్ కంప్యూటరుతో మాట కలవడం లేదని అర్థం. మాట కలవకపోవడానికి ఆ కంప్యూటరు చచ్చిపోవడం ఒక కారణం కావచ్చు. దానికి కరెంటు గానీ ఎర్త్ గానీ అందకపోవచ్చు, తీగ తెగి ఉండవచ్చు, కప్లర్‌లో నీళ్లు చేరి చిలుము పట్టి ఉండవచ్చు. ఫోన్ ఎత్తకపోతే మనిషి పోయాడని ఎవరైనా కఫన్ కొనుక్కొస్తారా?

నిజంగా డబ్బా లోపలే చెడితే అది వేరే విద్య. లోపల ముఖ్యమైన ప్రాసెసరూ దాని చుట్టూ ఉండే చిన్న చిప్పులూ ఎస్‌పీఐ అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి, మోటరోలా కంపెనీ తెచ్చిన పద్ధతి అది. ఒక తీగ మీద ప్రాసెసరు తాళం వేస్తుంది, ఒక తీగ మీద చెబుతుంది, ఒక తీగ మీద వింటుంది, ఇంకొక తీగతో "నువ్వు చెప్పు" అని ఒక చిప్పును ఎంచుకుంటుంది. టీచరు బెత్తంతో ఒక పిల్లవాడిని చూపించి పాఠం అడిగినట్టు. కిటికీ అద్దాలు, సైడు మిర్రర్ల దగ్గర లిన్ అనే ఒంటి తీగ పద్ధతి ఉంటుంది. అది హాజరు పట్టీ లాంటిది, పేరు పిలిచినప్పుడే పలకాలి. వేగం తక్కువ, ఖర్చూ తక్కువ.

మా బెంగ పాత టెస్ట్ ల్యాంపు గురించి. జనగామ హైవే మీద, మహబూబాబాద్‌లో, భూపాలపల్లి గనుల దారిలో టిప్పర్లు ఆగే చోట, మన పిల్లలు పని చేసే షెడ్లలో ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఆ బల్బు లాగే కరెంటు, సంకేతాల తీగ మీద ఉన్న చిన్న చిప్పుకు భరించలేనంత. దాని సూదితో తీగ తొడుగు పొడిస్తే ఆ రంధ్రంలోంచి నీళ్లు దిగి, నాలుగు నెలలకు రాగి పచ్చబడుతుంది. వాళ్ల చేతిలో నేర్పు ఉంది. ఉస్తాదులకు శబ్దం వింటే ఇంజిన్ జబ్బు తెలుస్తుంది. కానీ తీగ మీద సాగే ఈ మాటలకు శబ్దం లేదు. పెద్ద టిప్పర్లయితే ఇదే క్యాన్ మీద జే1939 అనే ఇంకో భాష మాట్లాడతాయి, చాలావాటిలో సెకనుకు రెండున్నర లక్షల బిట్లు. చిన్న కార్ల స్కానరు వాటికి పనికిరాదు.

కమిటీ ముందు మేము పెట్టిన కోరిక పెద్దదేమీ కాదు. షెడ్డుకు ఒక మంచి డిజిటల్ మీటరు. మూడు ఊళ్లకూ కలిపి కార్లవీ లారీలవీ చదవగల స్కానరు ఒకటి, సంకేతాన్ని గీతగా చూపించే ఆసిలోస్కోపు ఒకటి. మన షెడ్లు శుక్రవారం మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు అసర్ తరువాత రెండు గంటల క్లాసు. బోధన మేమూ, ఆ జనగామ పిల్లవాడూ చూసుకుంటాం. వాడు రోజు కూలి వదులుకుని రావాల్సిన పని లేదు గానీ, పెట్రోలు ఖర్చు ఇవ్వాలి.

ఈలోగా స్క్రాపులో దొరికిన పాత మీటరు బోర్డు, రెండు పనికిరాని ఈసీయూలు, ఏడు మీటర్ల మెలి తీగ తెచ్చి ఒక చెక్క మీద బిగించాం. ఈసీయూల లోపలి రెసిస్టర్ల మీద ఆధారపడకుండా తీగ చివర్లలో మేమే రెండు 120లు కట్టాం. జనగామ వచ్చినప్పుడు మా బడి సైన్సు గదిలో దాన్ని చూడవచ్చు. మీటరు పెడితే 60 చూపిస్తుంది, మధ్యలో ఒక తీగ ఊడదీస్తే 120.